కూలి దాటే సరిహద్దు, కులపత్రం దాటని సరిహద్దు

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట, మునగాల, కోదాడ దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు వస్తుంది. అక్కడ తెలంగాణ ముగుస్తుంది. ఆ పక్కనే గరికపాడు, ఆంధ్రప్రదేశ్. బస్సులో కునుకు తీసే ప్రయాణికుడికి ఈ గీత కనిపించదు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ పరిచయం. మా అమ్మ మిరపకాయలు ఏరడానికి జగ్గయ్యపేట వైపు పోయేది. మాఘమాసం వచ్చిందంటే మా మాదిగవాడలో ఆడవాళ్లంతా సద్దిగిన్నెలతో తెల్లవారుజామునే ట్రాక్టరు ఎక్కేవారు. అప్పటికి అది రెండు జిల్లాల మధ్య హద్దు మాత్రమే. 2014 జూన్ 2 తర్వాత అదే పొలానికి, అదే ట్రాక్టరు మీద, అదే మేస్త్రీ వెంట పోయే మా వదినలు చట్టం కంటికి అంతర్రాష్ట్ర వలస కార్మికులయ్యారు. ఆ సంగతి వారికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా కూలిలో రూపాయి తేడా ఉండేది కాదు.

ఈ ప్రాంతానికి సరిహద్దులు కొత్త కాదు. మా మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో బ్రిటిష్ పాలన. సూర్యాపేటకూ కోదాడకూ మధ్య ఉన్నా, కాగితాల మీద అది మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాకే నల్లగొండలో కలిసింది. నిజాం వైపు దొరల వెట్టి భరించలేక గీత దాటి పరగణాలోకి వచ్చిన వాళ్ల గురించి మా నాయనమ్మ చెప్పేది. వచ్చినవాళ్లకు ఇక్కడ జమీందారు వెట్టి ఎదురయ్యేది. 'రాజు మారిండు బిడ్డా, చెప్పులు కుట్టే పని మారలే' అనేది. న్యాయవాద వృత్తిలోకి వచ్చి సూర్యాపేట కోర్టులో పదిహేనేళ్లుగా కూలీల కేసులు చూస్తున్న నాకు ఆమె మాట తరచు గుర్తొస్తుంది.

స్వేచ్ఛా సంచారం గురించి మన విద్యార్థులకు రాజ్యాంగం 19వ అధికరణ చెబుతాం. దేశమంతటా తిరిగే హక్కు, ఎక్కడైనా స్థిరపడే హక్కు, ఏ వృత్తినైనా చేపట్టే హక్కు. ఈ హక్కులకు ఎదురైన న్యాయపరమైన సవాళ్లన్నీ సాధారణంగా రెండు ప్రశ్నలుగా చర్చకు వస్తాయి: రాష్ట్రం తన తలుపు మూయవచ్చా? కొలువులను స్థానికులకే ఉంచుకోవచ్చా? ఈ రెండూ ముఖ్యమైనవే. కానీ దళిత, ఆదివాసీ కూలీ ఎదుర్కొనే ప్రశ్న వేరు. అతడి శ్రమ సరిహద్దు దాటడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. శ్రమతో పాటు అతడి హక్కు దాటుతుందా అన్నదే తేలవలసిన విషయం.

తలుపు మూయడం గురించి కోదాడ వాసులకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 2020 మార్చి చివరి వారంలో హైదరాబాదులో హాస్టళ్లు మూసేశారు. తెలంగాణ పోలీసులిచ్చిన పాసులు పట్టుకుని విద్యార్థులు, చిన్న ఉద్యోగులు, కూలీలు వేలాదిగా గరికపాడు చేరారు. అవతలి ప్రభుత్వం ఆ పాసులు చెల్లవంది. ఇటు మిర్యాలగూడ దిక్కున వాడపల్లి వంతెన దాటితే వచ్చే పొందుగుల వద్దా అదే పరిస్థితి, అక్కడ ఘర్షణ కూడా జరిగింది. అనుమతి పత్రాలున్న వారిని వైద్య పరీక్షలు చేసి, క్వారంటైన్ షరతుతో రానివ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జోక్యం చేసుకుని చెప్పాల్సి వచ్చింది. ఏడాది తిరిగాక, 2021 మేలో, కథ తిరగబడింది. ఈసారి ఆంధ్ర నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చే అంబులెన్సులను తెలంగాణ పోలీసులు రామాపురం వద్ద ఆపారు. ముందుగా ఆసుపత్రి అంగీకారం, ఆపై పాసు ఉండాలన్న ఆ ఉత్తర్వును మే 14న తెలంగాణ హైకోర్టు నిలిపివేసింది. ప్రధాన న్యాయమూర్తి హిమా కోహ్లి, న్యాయమూర్తి విజయసేన్ రెడ్డి ధర్మాసనం అది. రెండు సందర్భాల్లోనూ న్యాయస్థానం త్వరగా స్పందించింది. సంతోషమే. అయితే కోర్టు దాకా వెళ్లగలిగిన గొంతులు ఎవరివో కూడా గమనించాలి.

ఆ 2020 ఏప్రిల్‌లోనే ములుగు వైపు మిరప తోటల్లో పనిచేసి, లాక్‌డౌన్‌తో అడవి దారి పట్టి ఛత్తీస్‌గఢ్‌లోని సొంతూరికి నడుస్తూ 12 ఏళ్ల ఆదివాసీ బాలిక ఇంటి సమీపంలో కుప్పకూలి మరణించింది. ఆమె పేరు మీద ఏ రిట్ పిటిషనూ దాఖలు కాలేదు, కాగల వ్యవధి కూడా లేదు. వలస కూలీల అవస్థలను సుప్రీంకోర్టు స్వయంగా విచారణకు తీసుకున్నది మే 26న. పదిహేను రోజుల్లో అందరినీ ఇళ్లకు చేర్చండి, లాక్‌డౌన్ ఉల్లంఘన కింద కూలీలపై పెట్టిన కేసుల ఉపసంహరణను పరిశీలించండి అని ఆదేశించింది జూన్ 9న. అప్పటికి నడవగలిగినవారు నడిచేశారు.

ఇక్కడ ఒక రైలు సంగతి చెప్పాలి. దేశంలో తొలి శ్రామిక రైలు 2020 మే 1న మన లింగంపల్లి నుంచే దాదాపు 1,200 మందితో జార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరింది. పత్రికల్లో పెద్ద ఫోటోలు వచ్చాయి. వారం తిరిగేసరికి, మే 8న, ఎదురు దిశలో మరో రైలు అదే లింగంపల్లికి చేరింది. బిహార్‌లోని ఖగరియా నుంచి వచ్చిన ఆ రైలులో ఉన్నది రెండు వందల మందికి పైగా హమాలీలు. యాసంగి ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో గుట్టలుగా పేరుకుపోయింది, మిల్లుల్లో బస్తా దించే దిక్కు లేదు. మంత్రులు, అధికారులు స్టేషన్‌కు వెళ్లి వారికి స్వాగతం పలికారు. పరీక్షలు చేసి, బస్సులెక్కించి నల్లగొండ, మిర్యాలగూడ, కరీంనగర్ తదితర చోట్ల మిల్లులకు పంపారు. దేశమంతా తలుపులు బిగించుకున్న నెలలో, అవసరం పడ్డప్పుడు, హమాలీ కోసం పదిహేను వందల కిలోమీటర్ల దారి తెరుచుకుంది. ఆ రైలును నేను తప్పు పట్టడం లేదు. ధాన్యం తడిస్తే మొదట మునిగేది మా ఊరి కౌలు రైతే. సంచార హక్కుకు ఎవరి అవసరం కొలబద్దగా ఉన్నదో ఆ ఒక్క రైలు చూపింది, అంతే.

సాగర్ ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడను మిల్లుల పట్టణంగా మార్చాయి. ఉప్పుడు బియ్యం ఆవిరి వాసన ఊరి పొలిమేరలోనే పలకరిస్తుంది. ఆ మిల్లుల్లో బిహారీ హమాలీలు ఎక్కువయ్యాక స్థానిక హమాలీలకూ వారికీ మధ్య ఒక మూగ శత్రుత్వం పెరిగింది. స్థానికుడు ఎనిమిది గంటలకు ఇంటికి పోతానంటాడు, సంఘం పెడతాడు, పండక్కి రానంటాడు. మిల్లు ఆవరణలోనే షెడ్డులో పడుకునేవాడు ఎప్పుడు లారీ వస్తే అప్పుడు లేస్తాడు. యజమాని దూరప్రాంతం వాడిని కోరుకునేది అతడు బలవంతుడని కాదు. సాయంత్రానికి వెళ్లిపోవడానికి అతడికి ఇల్లు దగ్గర లేదు.

రెండేళ్ల కిందట అలాంటి ఒక షెడ్డు నుంచి ఒక మనిషి నా దగ్గరికి వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. ఖగరియా జిల్లా, ముసహర్ కులం. కూలి లెక్క అడిగినందుకు అతడిని కులం పేరు పెట్టి తిట్టి, అందరి ముందు కొట్టారు. కొట్టింది తెలుగువాడు కాదు. పనికి తీసుకొచ్చిన సర్దారు, అతడి జిల్లా వాడే, అక్కడి భూస్వామ్య కులం వాడు. 'సార్, మిల్లు సేఠ్‌కు నా కులం తెలియదు. తెలిసినవాడు నాతోనే రైలెక్కి వచ్చాడు' అన్నాడు. ఇరవయ్యేళ్లుగా కులం మీద చదివిందీ రాసిందీ నాకు ఆ ఒక్క వాక్యంలో వినిపించింది. 'కూర్చో భాయ్' అని కాగితం తీశాను.

ఒక ఠాణాకు వెళ్లాం. అధికారి మర్యాదగానే మాట్లాడారు. అట్రాసిటీ చట్టం కింద నమోదు చేయాలంటే కుల ధ్రువీకరణ కావాలన్నారు. బిహార్ పత్రం తెప్పిస్తామన్నాను. 'వకీలు సాబ్, ముసహర్ మన జాబితాలో లేదు కదా, ఇక్కడ అతడు ఎస్సీ ఎలా అవుతాడు?' అన్నారు. జాబితా మాట నిజమే. తెలంగాణ షెడ్యూల్డు కులాల జాబితాలో 59 కులాలున్నాయి. వాటిలో ముసహర్ లేదు.

ఆ అధికారి ప్రశ్న వెనుక మూడున్నర దశాబ్దాల న్యాయచరిత్ర ఉంది. అది మొదలైంది కూడా ఒక తెలుగువాడితోనే. తెనాలిలో పుట్టి, షెడ్యూల్డు తెగకు చెంది, తండ్రి ఉద్యోగరీత్యా బాల్యంలోనే బొంబాయి వెళ్లిన మర్రి చంద్రశేఖరరావుకు అక్కడి వైద్య కళాశాలలో ఎస్టీ కోటా కింద సీటు నిరాకరించారు. మహారాష్ట్ర జాబితాలో ఆ తెగ లేదు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ నిరాకరణను సమర్థించింది. 341, 342 అధికరణల్లో 'ఆ రాష్ట్రానికి సంబంధించి' అన్న మాట ఉంది కనుక ఒక రాష్ట్రంలో గుర్తింపు పొందిన కులం లేదా తెగ మరో రాష్ట్రంలో ఆ హోదాను తనంతట తాను పొందదని తేల్చింది. 2018లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం ఉద్యోగాల విషయంలోనూ అదే చెప్పింది. రాష్ట్రమే రెండుగా చీలినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు 2021లో పంకజ్ కుమార్ కేసులో, బిహార్–జార్ఖండ్ విభజన సందర్భంలో, రెంటిలో ఏదో ఒక చోట హోదా కోరవచ్చు, రెండు చోట్లా కోరరాదు అని జవాబిచ్చింది.

ఈ తీర్పుల తర్కాన్ని కొట్టిపారేయడం సులువు కాదు. మహారాష్ట్ర మహర్‌కో, మాంగ్‌కో దక్కాల్సిన సీటును బదిలీ మీద వచ్చిన అధికారి కొడుకు తీసుకుపోతే అన్యాయమే. నివాస అర్హతల విషయంలో అంబేడ్కర్‌దీ ఇంచుమించు ఇదే వైఖరి. 1948 నవంబరు 30న రాజ్యాంగసభలో మాట్లాడుతూ, ఏ రాష్ట్రంతోనూ బంధం లేనివారు వచ్చి కొలువులు అందుకుని వెళ్లిపోకుండా కొంత రక్షణ ఉండాలని, అయితే అది దేశమంతటా ఒకే తీరుగా ఉండేందుకు ఆ అధికారం పార్లమెంటుకే ఉండాలని వాదించారు. అదే 16(3) అయింది. దాని అర్థం మీద జరిగిన తొలి పెద్ద యుద్ధం మనదే. ముల్కీ రక్షణల కోసం 1957లో చేసిన చట్టంలోని తెలంగాణ నిబంధనను 1969లో సుప్రీంకోర్టు కొట్టివేసింది, 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. రెండు తీర్పుల చుట్టూ రెండు ఉద్యమాలు, చివరకు 371–డి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. ఆ చరిత్ర ఈ పుట పాఠకులకు కంఠతా వచ్చు. అందులో నాకు కనిపించే వెలితి ఒక్కటే: మన స్థానికత పోట్లాటంతా గుమాస్తా, ఉపాధ్యాయ, ఇంజనీరు కొలువుల మీద సాగింది. బస్తా మోసే పని స్థానికుడికి దక్కాలా, ఎంత కూలికి దక్కాలా అని ఎవరూ ఉద్యమించలేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో కర్మాగారాల్లో 75 శాతం స్థానికులకే అన్న చట్టం తెచ్చినప్పుడు, జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీ పొగను రోజూ చూసే కోదాడ ఐటీఐ కుర్రాళ్లు ఒక్కసారిగా పరాయివారయ్యారు. ఆ చట్టాన్ని హైకోర్టులో సవాలు చేశారు. అటువంటి హరియాణా చట్టాన్ని 2023 నవంబరు 17న పంజాబ్–హరియాణా హైకోర్టు కొట్టివేసింది.

సీటుకూ కొలువుకూ సంబంధించిన తర్కాన్ని దెబ్బలు తిన్న మనిషికి వర్తింపజేయడం దగ్గరే నా అభ్యంతరం. ముసహర్ హమాలీ తెలంగాణలో రిజర్వేషన్ అడగలేదు, ఇక్కడి మాల మాదిగల వాటాలో చెంచాడు కోరలేదు. తనను కులం పేరుతో కొట్టారని చెప్పాడు. కులం అతడిని కొట్టడానికి సరిహద్దు దాటి వచ్చింది. దాన్ని అడ్డుకోవాల్సిన చట్టం మాత్రం జాబితా చూసుకుంటూ ఆగింది. ఈ వైరుధ్యాన్ని 2023 ఆగస్టులో బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం సరిగ్గా పట్టుకుంది: అట్రాసిటీ చట్టం రక్షణ బాధితుడి సొంత రాష్ట్రానికే పరిమితం కాదు, దేశంలో ఎక్కడైనా వర్తిస్తుంది అని చెప్పింది. మన హైకోర్టును అది కట్టడి చేయదు, ఒప్పించగలదు. ఆ తీర్పు ప్రతిని ఠాణాలో ఇచ్చాను.

ఇది బిహారీల గోడు మాత్రమే అనుకునేవారు మన తండాలను చూడాలి. 1976లో పార్లమెంటు ప్రాంతీయ పరిమితులు తొలగించే వరకు ఆంధ్ర ప్రాంతపు లంబాడీ ఎస్టీ, తెలంగాణ లంబాడీ కాదు. ఒకే రాష్ట్రం, ఒకే గోర్‌బోలి, మధ్యలో కోదాడ గీత. నేడు మా జిల్లా తండా నుంచి పుణే వైపు పోయే లంబాడీ కూలీ అక్కడ విముక్త జాతుల కోవలోకి వెళతాడు, కర్ణాటక వెళితే అక్కడి బంజారాలు షెడ్యూల్డు కులం. మనిషి ఒకడే, మూడు రాష్ట్రాల్లో మూడు గుర్తింపులు.

కూలీ హక్కు సరిహద్దులో ఆగే మరో చోటు అడ్వాన్సు. బ్రిటిష్ పాలకులు 1859లో ఒక చట్టం చేశారు. ముందుగా డబ్బు తీసుకుని పని వదిలి వెళ్లిన కూలీకి మూడు నెలల దాకా జైలు. 1925లో గాని అది రద్దు కాలేదు. స్వతంత్ర భారతం 1976లో చేసిన వెట్టిచాకిరీ రద్దు చట్టం దీనికి సరిగ్గా విలోమం. అప్పు లేదా అడ్వాన్సు కారణంగా మనిషి కోల్పోయే వాటిలో దేశంలో స్వేచ్ఛగా సంచరించే హక్కును ఆ చట్టం విడిగా పేర్కొంది. వెట్టి అంటే కూలి ఇవ్వకపోవడమే అనుకునే అధికారులకు నేను ఆ వాక్యం చదివి వినిపిస్తుంటాను. పశ్చిమ ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చేవారిలో అత్యధికులు దళితులు, ఆదివాసులు. ఇద్దరు పెద్దలు, ఒక పిల్లవాడు కలిస్తే ఒక 'పథురియా'. దసరా తర్వాత ఆ జట్టుకు అడ్వాన్సు ఇచ్చి తెస్తారు, వానలు మొదలయ్యే దాకా కదలనివ్వరు. 2013 డిసెంబరులో కాలాహండి జిల్లా కూలీలిద్దరు, చెప్పిన చోటికి రానన్నందుకు, దళారీల చేతిలో తమ కుడిచేతులు పోగొట్టుకున్నారు. వారు మొదట ఒప్పుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బట్టీలకు రావడానికి. ఆ ఘటనను సుప్రీంకోర్టు స్వయంగా విచారణకు తీసుకుంది.

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, 1979, ఈ దళారీని లైసెన్సు చట్రంలోకి తేవాలనుకుంది. ఐదుగురిని తెచ్చినా నమోదు, ఊరు విడిచినందుకు సగం నెల జీతం భత్యంగా ఇవ్వాలంది. నా అనుభవంలో ఆ భత్యం అందుకున్న హమాలీని ఒక్కడిని చూడలేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తిభద్రతా స్మృతిలో ఆ చట్టం కలిసిపోయింది. తనంతట తాను వచ్చిన కూలీని కూడా వలస కార్మికుడిగా గుర్తించడం అందులో మేలు. ఐదుగురి స్థానంలో పదిమంది అనడం, స్థానభ్రంశ భత్యం మాయం కావడం కీడు. మిరప తోటకు ఎనిమిది మందిని తోలుకుపోయే మేస్త్రీకి కొత్త స్మృతితో పని పడదు.

మా హమాలీ ఛఠ్ పండగకు ఊరెళ్లి, మళ్లీ వచ్చాడు, ఈసారి వేరే మిల్లుకు. మామూలు కొట్లాట సెక్షన్ల కింద కేసు నమోదైంది. అట్రాసిటీ సెక్షన్లు చేర్చాలన్న మా వినతి పైఅధికారుల వద్ద ఉంది. అతడి తమ్ముడు ఖగరియా కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగి సంపాదించిన కులపత్రం ఫోటో పోయిన నెల వాట్సాప్‌లో వచ్చింది. అది హిందీలో ఉంది. తెలుగులోకి అనువదించి, నోటరీ చేయించి, అసలు ప్రతితో సహా తెమ్మన్నారు. అనువాదం పూర్తయింది. అసలు ప్రతి తీసుకుని అతడి తమ్ముడు వచ్చే వారం రైలెక్కుతున్నాడు. అతడికీ ఇక్కడే మిల్లులో పని దొరికింది.